దానంతట అదే మొలిచిన కూర: కడిగి తింటే సరిపోతుందా?

చిగురు:
గంగవాయిల కూర, చక్రవర్తి కూర, ముళ్ళ తోటకూర లాంటివి విత్తకుండానే మొలుస్తాయి. వీటిలో సాగు కూరల కంటే ఇనుము, కాల్షియం, మెగ్నీషియం ఎక్కువని పట్టికలు చూపిస్తాయి. రోడ్డు అంచున, ఖాళీ జాగాల్లో మొలిచేవి కనుక సీసం, కాడ్మియం అనే విష లోహాలు ఉంటాయని, ముట్టుకోవద్దని ఇంకొందరు అంటారు. బాగా కడిగితే వదిలేయక్కర్లేదన్నది నా వాదన. కాలిఫోర్నియాలో బర్క్‌లీ, ఓక్లాండ్, రిచ్‌మండ్ ప్రాంతాల్లో కోసిన అడవి కూరలను నీళ్లతో కడిగి పరీక్షించారు. లోహాలు ఆందోళన పడాల్సిన స్థాయిలో లేవని 2019లో ప్రచురించారు.

పీపీఎం:
ఆ ఫలితం ఆ నేలకు చెల్లుతుంది, అన్ని నేలలకూ కాదు. బెర్లిన్ నగరం నడిబొడ్డున పెంచిన కూరగాయల మీద 2012లో వచ్చిన పరిశోధన చూడండి. సగానికి పైగా నమూనాల్లో సీసం యూరప్ పరిమితిని దాటింది. రోడ్డుకు 10 మీటర్ల లోపు పెరిగినవాటి పరిస్థితి మరీ అధ్వానం.

పైగా ‘కడగడం’ అన్న ఒక్క మాటతో రెండు లోహాలనూ కలిపేస్తున్నారు. సీసం మట్టిలో బంకరేణువులకు, సేంద్రియ పదార్థానికి అతుక్కుపోతుంది. వేరు పీల్చిన కాస్తలోనూ చాలా భాగం వేరులోనే ఆగిపోతుంది. ఆకు మీద కనబడే సీసంలో ఎక్కువ భాగం దుమ్మే కాబట్టి కడిగితే తగ్గుతుంది. కాడ్మియం అలా కాదు. వేరు గుండా సులువుగా ఎక్కి ఆకు కణాల్లో కూర్చుంటుంది. ఎన్ని నీళ్లు మార్చినా, వెనిగర్‌లో నానబెట్టినా లోపలిది బయటికి రాదు.

నేలగుణం:
ఖనిజాల పట్టికల మీదే నాకు అభ్యంతరం ఉంది. ఒక లెక్క చెబుతాను.

కిలో పచ్చి ఆకు ఎండితే సుమారు 100 గ్రాములు మిగులుతుంది. ఆ కిలోకు ఒక్క గ్రాము మట్టి అంటుకుని ఉందనుకోండి. మట్టిలో ఇనుము 3.5 శాతం ఉంటే ఆ గ్రాములో 35 మిల్లీగ్రాములు. అంటే ఎండు బరువు లెక్కన కిలోకు 350 మిల్లీగ్రాములు ఊరికే కలిశాయి. ఆకులో నిజంగా ఉండేది చాలాసార్లు అంతకంటే తక్కువే! ‘అద్భుతమైన ఇనుము’ అని ప్రచారమయ్యే అంకెల్లో చాలావాటి వెనక ఈ మట్టే ఉంది. మట్టి రూపంలోని ఆ ఇనుము ఒంటికి పట్టేది చాలా తక్కువ.

అదే గ్రాము మట్టిలో సీసం 200 పీపీఎం, అంటే కిలో మట్టికి 200 మిల్లీగ్రాములు ఉంటే, కిలో పచ్చి ఆకుకు 0.2 మిల్లీగ్రాములు చేరినట్టు. ఆకుకూరలకు కోడెక్స్ (అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ) పరిమితి కిలోకు 0.3 మిల్లీగ్రాములు. మూడింట రెండు వంతులు దుమ్ముతోనే నిండిపోయింది.

పట్టిక చూసేటప్పుడు టైటానియం అంకె ఉందేమో వెతకండి. మొక్క దాన్ని దాదాపు పీల్చుకోదు. అది ఎక్కువగా ఉంటే నమూనాను సరిగా కడగలేదని అర్థం. ఎండు బరువా, పచ్చి బరువా అన్నదీ చూడండి. అడవి కూర ఎండు లెక్కను సాగు కూర పచ్చి లెక్క పక్కన పెట్టి ‘పది రెట్లు ఎక్కువ’ అని రాసేవాళ్లున్నారు. ఆ పది రెట్లూ నీళ్లే.

చిగురు:
ఇనుము విషయంలో ఒప్పుకుంటున్నాను. కాల్షియం అలా కాదు కదా? మట్టి తీసేసినా అది ఆకులో ఉంటుంది.

ఆకుపట్టీ:
ఉంటుంది, కానీ అందదు. గంగవాయిల, చక్రవర్తి, తోటకూరల్లో ఆక్సలేట్ అనే పదార్థం ఎక్కువ, అది కాల్షియంను పట్టేసుకుంటుంది. ఇదే గుణమున్న పాలకూరలో కాల్షియం ఒంటికి పట్టేది 5 శాతం దగ్గర. ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే కరిగే ఆక్సలేట్, నైట్రేట్ బాగా తగ్గుతాయి. పొటాషియం, కొంత మెగ్నీషియం కూడా వాటితోనే పోతాయి. కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లు మాత్రం ఆ నష్టానికి వెనకాడకూడదు.

పేడకుప్పల పక్కన ఏపుగా పెరిగిన తోటకూరను చూసి మురిసిపోకండి. నైట్రేట్ అక్కడే పేరుకుంటుంది, ఆకులో కంటే కాడలో ఎక్కువ. కాడలు తీసేయండి.

పీపీఎం:
కాడ్మియంకు కోడెక్స్ పరిమితి కిలోకు 0.2 మిల్లీగ్రాములు. సరిగ్గా అంతే ఉన్న కూర 100 గ్రాములు తింటే 20 మైక్రోగ్రాములు. శరీర బరువు కిలోకు నెలకు 25 మైక్రోగ్రాముల వరకు సహించవచ్చని 2010లో అంతర్జాతీయ నిపుణుల సంఘం నిర్ణయించింది. 60 కిలోల మనిషికి రోజుకు 50 పడుతుంది. రోజూ తింటే ఈ ఒక్క కూరతోనే 40 శాతం, వారానికోసారైతే 6 శాతం లోపు. 15 కిలోల పిల్లవాడికి రోజూ 50 గ్రాములు పెడితే 80 శాతం! సీసానికైతే ‘ఇంతవరకు ఫరవాలేదు’ అన్న అంకెనే అదే ఏడాది ఎత్తేశారు.

నేల ఆమ్లంగా ఉంటే, అంటే పీహెచ్ 6 కంటే దిగితే, కాడ్మియం ఎక్కువగా ఎక్కుతుంది. జింకు లోపమున్న నేలలోనూ అంతే. ఫాస్ఫేట్ ఎరువులతోనూ కాడ్మియం వస్తుంది కనుక ‘రోడ్డుకు దూరం, పొలం గట్టు’ అనగానే నిశ్చింత పడొద్దు. గట్ల మీద కలుపుమందు కొడతారు. గ్లైఫోసేట్ పడిన మొక్క కొన్ని రోజుల వరకు పచ్చగానే కనబడుతుంది.

నేలగుణం:
కడిగే తీరు కూడా చెప్పాలి. వేర్లు, కాండం అడుగున మూడు వేళ్ల మేర ముందే కోసేయండి. రెమ్మలు విడదీసి వెడల్పు పాత్రలో ముంచి కదపండి. తర్వాత ఆకునే పైకి తీయాలి. పాత్రను వంచి నీళ్లు వంపితే అడుగున చేరిన ఇసుక మళ్లీ ఆకు మీదికే వస్తుంది. పాత్ర అడుగున వేలితో రాస్తే గరుకు తగలనంతవరకు నీళ్లు మార్చండి. గంగవాయిల నేలకు పరుచుకుంటుంది, ఆకు చేరే కణుపుల్లో మన్ను ఇరుక్కుంటుంది. వాన వెలిసిన వెంటనే కోయకండి, ఆకుల అడుగున బురద చిమ్మి ఉంటుంది.

ఒకే చోట ఎప్పుడూ కోసేవాళ్లు ఒకసారి ల్యాబ్‌కు పంపించండి. 10, 15 మొక్కల నుంచి కలిపి సగం కడిగి, సగం కడగకుండా ఇవ్వండి. రెంటికీ ఉన్న తేడాయే దుమ్ము. కడిగిన దాంట్లోనూ కాడ్మియం 0.2 పరిమితిని దాటితే ఆ చోటు వదిలేయండి. రిపోర్టులో ‘కనబడలేదు’ అని వస్తే యంత్రం ఎంత తక్కువ వరకు చూడగలదో అడగండి. 0.5 దాకానే చూడగలిగితే 0.2 పరిమితికి ఆ రిపోర్టు పనికిరాదు.

చిగురు:
కడిగితే చాలన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. అయితే అందరూ ల్యాబ్‌కు వెళ్లలేరు. పాత రంగులు పెచ్చులూడే గోడల వెంట, రైలు పట్టాల పక్కన, బ్యాటరీలు విప్పిన చోట, చెత్త కాల్చిన చోట కోయవద్దు. మిగతా చోట్ల వారానికోసారి, చోటు మార్చి మార్చి. ఇది సరిపోతుందా?

పీపీఎం:
పెద్దవాళ్లకు సరే. గర్భిణులకు, చిన్నపిల్లలకు మాత్రం పరీక్ష చేయని పట్టణపు నేల కూర పెట్టకూడదనే అంటాను. ఇక్కడ మనం ఏకీభవించకపోవచ్చు.

ఆకుపట్టీ:
నీటి మొక్కలకు మాత్రం పై సడలింపు వర్తించదు. మురుగు కలిసే కాలువల్లోని తూటికూర, పొన్నగంటి ఎంత లేతగా ఉన్నా కోయకండి. పశువులు దిగే నీళ్లలో పెరిగిన కూరకైతే కాలేయపు జలగ (లివర్ ఫ్లూక్ అనే పరాన్నజీవి) పిల్లలు ఆకుకు అతుక్కుని ఉండొచ్చు. కడిగినా అవి వదలవు. పచ్చిగా అసలు తినొద్దు, పూర్తిగా ఉడకాల్సిందే.