ఏకపాత్రాభినయంలో సినిమా దుర్యోధనుడు ఇంకెన్నాళ్లు?

తెలుగు టీచరు, తిరుపతి:
ఎనిమిదో తరగతి పిల్లవాణ్ణి ఏకపాత్రాభినయం పోటీకి తయారుచేస్తున్నాను. సినిమాలోని మయసభ సంభాషణ మొత్తం ఫోనులో విని గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పాడు. చప్పట్లు పడతాయని తెలుసు. కానీ ఇది అభినయమా, అనుకరణా? కొత్త పాత్ర రాసివ్వాలని నాకుంది, ఇంట్లోవాళ్లు వద్దంటున్నారు.

పద్యనాటకాల మనిషి, పుత్తూరు:
వద్దనకండి అమ్మా. ఘ, ధ, భ పలకలేని పిల్లలకు నోరు తిరగడానికి అంతకంటే మంచి సాధన లేదు. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో, ఎక్కడ ఆపుకోవాలో కూడా తెలుస్తుంది. పాత నటులందరూ ఎవరినో ఒకరిని చూసి నేర్చుకున్నవారే.

ఒక తండ్రి, చిత్తూరు:
పోయినసారి మా అమ్మాయి నీళ్ల ట్యాంకరు దగ్గర బిందెతో నిలబడ్డ అవ్వ వేషం వేసింది. చూసినవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. బహుమతి మాత్రం గద పట్టుకున్నవాడికే వెళ్లింది. మార్కులు వేసేవారు మారనిదే పిల్లలతో ప్రయోగాలెందుకు?

పాత విద్యార్థి, తిరుపతి:
పుత్తూరు పెద్దాయన మాట సగమే ఒప్పుకుంటాను. ఆంగికం (ఒంటి కదలిక), వాచికం (మాట), ఆహార్యం (వేషం), సాత్త్వికం (లోపలి భావం) అని అభినయం నాలుగు విధాలు. ఫోను నేర్పేది వాచికం ఒక్కటే, అదీ ఇంకొకరి గొంతుతో. సినిమాలో కాలుజారిన మడుగునూ నవ్విన ద్రౌపదినీ కెమెరా చూపిస్తుంది. వేదిక మీద ఆ రెండింటినీ పిల్లవాడి కళ్లే చూపించాలి. టీచరు గారూ, ద్రౌపది ఎక్కడ నిలబడి నవ్విందని వాణ్ణి అడిగి చూడండి. తెల్లమొహం వేస్తే వాడికి వచ్చింది పాఠమే, పాత్ర కాదు. ప్రేక్షకుల తలలకు కాస్త పైన, కుడివైపు ఒక చోటు ఖాయం చేయండి. ఆమె పేరెత్తిన ప్రతిసారీ చూపు అక్కడికే పోవాలి. నీళ్లలో పడ్డవాడి బట్టలు తడిసి ఉంటాయి కదా, ఆ తడిబట్టలతో రారాజు ఎలా నడుస్తాడు? రెండు రోజులు మాటలు మాన్పించి ఆ నడకే చేయించండి.

మన వైపు పల్లెల్లో ధర్మరాజుల గుడి దగ్గర భారతం ఉత్సవం జరిగేటప్పుడు పగలు హరికథ, రాత్రి వీధినాటకం ఉంటాయి. ఆఖరి రోజు నేల మీద మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడి తొడను భీముడి వేషగాడు గదతో కొడతాడు. వాడికి అది చూపించండి. ఇంతమంది తన చావు చూడటానికి వచ్చారని తెలిసిన దుర్యోధనుడు ఏం మాట్లాడతాడో రాయిస్తే పాత్ర పాతదే, మాట కొత్తది. చిత్తూరు అన్నా, గద కూడా ఉంటుంది!

పద్యనాటకాల మనిషి, పుత్తూరు:
ఊహ బాగుంది. అయితే మాట గ్రాంథికంగానే ఉండాలి. లేకపోతే రారాజు వార్డు మెంబరులా ఉంటాడు.

పాత విద్యార్థి, తిరుపతి:
భాష ఏదైనా సరే. అట్టకిరీటం మాత్రం వద్దు. అది జారిపోకుండా పట్టుకోవడానికే ఒక చెయ్యి పోతుంది.

ఒక తండ్రి, చిత్తూరు:
ఐదు నిమిషాలంటే పేజీన్నర. అది ఎవరు రాసిస్తారో కూడా చెప్పండి సార్.