మాంచెస్టర్‌లో అద్దె కారుకి ఏ ఇన్సూరెన్స్ తీసుకోవాలి?

భీమవరం నుంచి ప్రశ్న:

అందరికీ నమస్కారమండి. మా అబ్బాయి మాంచెస్టర్‌లో ఎమ్మెస్సీ పూర్తి చేశాడు. డిసెంబర్లో కాన్వకేషన్‌కి నేనూ మా ఆవిడా వెళ్తున్నాం. అదయ్యాక ఓ ఐదు రోజులు కారు అద్దెకి తీసుకుని స్కాట్లండ్ చూసొద్దామని ఉంది. నెట్లో చిన్న కారు చవగ్గానే దొరికింది గానీ, బుక్ చేయబోతే "ఫుల్ ప్రొటెక్షన్" అంటూ ఇంచుమించు కారు అద్దెంత అడుగుతోంది. తీసుకోవాలా, అక్కర్లేదా? బండి మావాడే తోలతానంటున్నాడు. ఇక్కడి లైసెన్సుంది, అక్కడికెళ్లి పదిహేను నెలలైంది.

అమలాపురం నుంచి జవాబు:

అన్నగారూ, ఇన్సూరెన్స్ సంగతి తరవాత. ముందు మీ చివరి మాట గురించి చెప్పాలి. అబ్బాయిని తోలనివ్వకండి. అక్కడ కాపురం ఉంటున్నవాళ్లకి మన లైసెన్సు 12 నెలలే చెల్లుతుంది, ఆపైన అక్కడి లైసెన్సు ఉండాల్సిందే. అది లేకుండా తోలి దేన్నైనా గుద్దితే మీరు ఎంత పోసి ఏ కవరు కొన్నా పనికిరాదు. మీరు చూసిరావడానికి వెళ్తున్నారు కాబట్టి మీ లైసెన్సు మీద మీరు తోలొచ్చు. అయినా ఆర్టీఓ ఆఫీసులో ఇంటర్నేషనల్ పర్మిట్ కూడా తీసుకోండి. ఫీజు 1,000 రూపాయలు, ఏడాది చెల్లుతుంది. కొన్ని కంపెనీలు అది చూపిస్తేనే తాళం ఇస్తాయి.

ఇక ఇన్సూరెన్స్. ఎదుటివాళ్లకి నష్టం జరిగితే కట్టే థర్డ్ పార్టీ అక్కడ చట్టప్రకారం అద్దెలోనే ఉంటుంది. కారుకి దెబ్బ తగిలితే ఆదుకునే డ్యామేజీ వేవర్ కూడా మామూలుగా కలిపే ఇస్తారు. మనల్ని ముంచేది "ఎక్సెస్". అంటే నష్టంలో మన జేబులోంచి పోయే మొదటి భాగం. మన ఊళ్లో 1500 సీసీ లోపు కారుకి పాలసీలో తప్పనిసరి కోత 1,000 రూపాయలే. అక్కడ చిన్న కారుకి కూడా వెయ్యి పౌండ్లు, ఒక్కోచోట అంతకంటే ఎక్కువే రాసుంటుంది. మిమ్మల్ని అడుగుతున్న ఆ డబ్బంతా ఈ ఎక్సెస్‌ని తగ్గించడానికే.

ఇందులో రెండు రకాలు. కారు కంపెనీ దగ్గరే కొంటే దెబ్బ తగిలినా మనం కట్టేది ఉండదు, లేదా కొంచెమే ఉంటుంది. బుకింగ్ సైటువాళ్లు అమ్మేది రీఫండ్ రకం. ముందు మన కార్డులోంచి కోసేస్తారు, తరవాత బిల్లులు పంపి మనం రాబట్టుకోవాలి. నాకు జరిగింది చెప్తాను. రోడ్డు వార కారు ఆపుతుంటే ఎడమ ముందు చక్రం రిమ్ము రాతి అంచుకి రాసుకుంది. బొటనవేలంత గీత. మామూలు వేవర్లో టైర్లూ రిమ్ములూ లేవన్నారు. ఉన్నది రీఫండ్ పాలసీ కావడంతో, పోయిన డబ్బు తిరిగిరావడానికి ఆరువారాలు పట్టింది. అదైనా గీత ఫొటో, బిల్లు దాచుకున్నాను కాబట్టే వచ్చింది. అద్దాలు, కారు కింది భాగం, పైకప్పు, తాళాలు, తప్పు ఇంధనం పోయడం, వీటిలో ఏవి కవరవుతాయో ఒప్పందంలో వెతికి చదవండి. కాజ్‌వే మీద నీళ్లు పారుతుంటే లంకల్లో మనం ముందు బండి వెనకాలే పోనిచ్చేస్తాం. అక్కడ అలా పోనిచ్చి ఇంజిన్లోకి నీళ్లెక్కితే చాలా ఒప్పందాల్లో నష్టమంతా మనదే. సఖినేటిపల్లి రేవులో పంటెక్కించినట్టు కారుని పడవెక్కించి దీవులకి తీసుకెళ్లాలన్నా, కంపెనీ ఒప్పుకున్నట్టు ముందే రాతలో ఉండాలి.

మీ విషయంలో నేనైతే కారు కంపెనీ కవరే తీసుకోమంటాను. కౌంటర్ దగ్గర కాదు, బుక్ చేసేటప్పుడే వాళ్ల సొంత సైట్లో. విడిగా చవగ్గా దొరికే ఎక్సెస్ పాలసీలు చాలావరకు ఆ దేశంలో ఉండేవాళ్లకే. మన అడ్రసుతో కొన్నా క్లెయిమ్ దగ్గర కాదంటారు.

భీమవరం:

చాలా థాంక్సండి, అబ్బాయి సంగతి అస్సలు తట్టలేదు. డిపాజిట్‌కి ఫారెక్స్ కార్డు సరిపోతుందా?

పాలకొల్లు నుంచి ఒక సభ్యురాలు:

సరిపోదు అన్నయ్యగారూ, ఎక్కువచోట్ల తీసుకోరు. తోలేవాళ్ల పేరుమీద క్రెడిట్ కార్డే కావాలి. బ్యాంకు యాప్‌లో విదేశీ లావాదేవీలు ఆన్ చేసుకోండి, డిపాజిట్ కోసం పట్టి ఉంచే మొత్తానికి లిమిట్ మిగిలుందో లేదో చూసుకోండి.

స్టీరింగు కుడివైపే, ఎడమపక్కనే నడపాలి కాబట్టి ఇబ్బంది పడరు. స్కాట్లండ్ కొండల్లో కొన్ని రోడ్లు మన కాలవ గట్టు రోడ్డంతే ఉంటాయి. ఎదురు బండొస్తే వెడల్పుగా వదిలిన చోట ఆగి దారివ్వాలి. డిసెంబర్లో ఎడిన్‌బరోలో మధ్యాహ్నం 3.40కే పొద్దు కుంకుతుంది, దూర ప్రయాణాలు పొద్దున్నే పెట్టుకోండి.

తాళం తీసుకున్నాక గేటు దాటకముందే నాలుగు చక్రాలూ, అద్దం, పెట్రోలు ముల్లూ ఫోన్లో వీడియో తీయండి. డిపాజిట్ వెనక్కొచ్చేదాకా అది చెరపొద్దు. తిరిగిచ్చేటప్పుడు ఆఫీసు మూసేశాక వెళ్లి తాళం డబ్బాలో వేసి వచ్చేయకండి. వాళ్లు తెల్లారి బండి చూసుకునేలోగా పడ్డ గీతలు కూడా మీ ఖాతాలోకే వస్తాయి. విమానానికి వేళుంచుకుని వెళ్లి, మనిషి చేత బండి చూపించి, దెబ్బల్లేవని రసీదు రాయించుకోండి.