హనుమకొండ ఎండల్లో ఓవర్‌క్లాకింగ్ మదర్‌బోర్డు: దేన్ని చూసి కొనాలి?

ప్రశ్న (హనుమకొండ నుంచి)

మిత్రులకు నమస్కారం. ఇంటెల్ ఐ7-14700కె ప్రాసెసర్‌తో కొత్త సిస్టమ్ కట్టుకుంటున్నాను. వారమంతా పెళ్లి వీడియోల ఎడిటింగ్, తీరిక దొరికినప్పుడు ఓవర్‌క్లాకింగ్ (ప్రాసెసర్‌ను కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువగా నడపడం). ఓవర్‌క్లాకర్ల కోసమే చేసిన ఒక జెడ్790 (ఇంటెల్ చిప్‌సెట్ పేరు) మదర్‌బోర్డు నచ్చింది గానీ, దానికి ర్యామ్ స్లాట్లు రెండే ఉన్నాయి, ధర కూడా బాగా ఎక్కువ. పూర్తి లోడు మీద వీఆర్ఎమ్ (ప్రాసెసర్‌కు తగిన వోల్టేజీలో కరెంటు అందించే బోర్డు భాగం) 65 డిగ్రీలు దాటలేదని సమీక్షలో రాశారు. మా గదిలో ఏసీ లేదు, కూలరే ఉంది. మే నెలలో ఆ అంకెను నమ్ముకోవచ్చా?

జవాబు (కరీంనగర్ నుంచి)

తమ్ముడూ, 65 అన్న అంకెకంటే ముందు ఆ పరీక్ష ఎంత వేడి ఉన్న గదిలో జరిగిందో చూడండి. 23 డిగ్రీల గదిలో 65 వచ్చిందంటే వీఆర్ఎమ్ గదికంటే 42 డిగ్రీలు ఎక్కువ వేడెక్కినట్టు. మన మే నెల మధ్యాహ్నం గది 38కి చేరితే అదే బోర్డు 80 దాకా పోతుంది. అంతవరకు మోస్‌ఫెట్లకు (వీఆర్ఎమ్‌లోని కరెంటు స్విచ్‌లకు) ప్రమాదం లేదు.

ఫేజ్‌ల (వీఆర్ఎమ్‌లో కరెంటు భారాన్ని పంచుకునే విభాగాల) సంఖ్యను మాత్రమే చూసి మురిసిపోకండి. ఈ ప్రాసెసర్ గరిష్ఠ టర్బో పవర్ (పూర్తి వేగంలో వాడుకునే విద్యుత్తు) 253 వాట్లు, 1.3 వోల్టుల దగ్గర అది దాదాపు 195 ఆంపియర్ల కరెంటు. వీఆర్ఎమ్ సామర్థ్యం 90 శాతం అనుకున్నా 28 వాట్లు అక్కడే వేడిగా మారతాయి, ఓవర్‌క్లాక్ చేస్తే ఇంకా పెరుగుతాయి. ఆ వేడిని బయటికి పంపేది హీట్‌సింక్. నునుపైన దిమ్మలాంటి అల్యూమినియం మూతకంటే, మధ్య మధ్య గాలి దూరేలా సన్నని రెక్కలు కోసి ఉన్న హీట్‌సింక్ ఎంతో మేలని నా గట్టి అభిప్రాయం. లిక్విడ్ కూలర్ పెడితే సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే చోటు) చుట్టూ గాలి ఆడదు కాబట్టి, క్యాబినెట్ వెనుక, పైన ఫ్యాన్లు తప్పనిసరి.

జవాబు (కాజీపేట నుంచి)

రెండు స్లాట్లు లోపం కాదు. ఖాళీ స్లాట్ల దగ్గర సిగ్నల్ తిరిగి ప్రతిఫలించే బెడద లేకుండా ర్యామ్ అధిక వేగంతో నడవడానికే ఏసుస్ ఎపెక్స్, గిగాబైట్ టాకియాన్ వంటి బోర్డులను అలా చేస్తారు. 48 జీబీ స్టిక్కులు రెండు వేస్తే 96 జీబీ వస్తుంది, ఎడిటింగ్‌కు ధారాళంగా సరిపోతుంది. అయితే మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్ పోసేవారి కోసం పెట్టిన ఎల్ఎన్2 మోడ్ మీకు ఎన్నడూ అక్కరకు రాదు, దానికీ ధర కడుతున్నారు. ర్యామ్ వేగం మీద మోజు లేకపోతే మంచి హీట్‌సింక్ ఉన్న నాలుగు స్లాట్ల జెడ్790 తీసుకోండి. బీ760 చిప్‌సెట్ బోర్డు మాత్రం వద్దు, అందులో కోర్ మల్టిప్లయర్ (ప్రాసెసర్ వేగాన్ని నిర్ణయించే గుణకం) పెంచనివ్వరు.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలు అన్నా. గదిలోని కూలర్ గాలి నేరుగా క్యాబినెట్‌కు తగిలితే తేమతో ఇబ్బందా?

జవాబు (కరీంనగర్ నుంచి)

బోర్డు గదికంటే వేడిగా ఉంటుంది కాబట్టి దాని మీద నీరు చేరదు, కానీ తుంపర్లు పడకుండా క్యాబినెట్‌ను పక్కకు జరపండి. అంతకంటే ముఖ్యం, ఓవర్‌క్లాక్ మొదలుపెట్టకముందే బయోస్ (మదర్‌బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయండి. అధిక వోల్టేజీతో 13, 14వ తరం ప్రాసెసర్లు దెబ్బతింటున్నాయని తేలాక, దాన్ని అరికట్టడానికి ఇంటెల్ 2024లో 0ఎక్స్12బి మైక్రోకోడ్ (ప్రాసెసర్‌ను నడిపే లోపలి సూచనలు) ఇచ్చింది. అది గానీ, ఆ తర్వాతది గానీ ఉన్న బయోస్ వేసుకోండి.