చర్చ: యుద్ధం జరుగుతుండగా ప్రభుత్వాన్ని ప్రశ్నించవచ్చా?

శ్రీకాకుళం, కళాశాల అధ్యాపకుడు:
2025 మే 7 నుంచి 10 వరకు పాకిస్తాన్‌పై భారత సైనిక చర్య ఆపరేషన్ సిందూర్ సాగిన రోజుల్లో మా వీధి వాట్సాప్ గ్రూపులో ఒక డిగ్రీ విద్యార్థి, "ఈ దాడుల లక్ష్యం ఏమిటో, ఎంతవరకు వెళ్తామో ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పాలి కదా" అని రాశాడు. పది నిమిషాలు గడవకముందే అతణ్ణి దేశద్రోహి అన్నారు, ఒకరు పోలీసులకు ఫిర్యాదు చేస్తామన్నారు. కుర్రవాడు ఆ సందేశం తీసేసి గ్రూపులోంచి వెళ్ళిపోయాడు. అతను చేసింది తప్పా? సభ్యులు తమ అభిప్రాయం చెప్పాలని కోరుతున్నాను.

టెక్కలి, మాజీ సైనికుడు:
మాస్టారూ, నేను ఇరవై రెండేళ్ళు పదాతి దళంలో పనిచేశాను. మా అమ్మకు రాసిన ఇన్‌లాండ్ ఉత్తరాల మీద నా చిరునామా ఎప్పుడూ 56 ఏ.పి.ఓ. (సైనిక తపాలా కార్యాలయం) అనే ఉండేది. నేను మంచుకొండ మీద ఉన్నానో ఎడారిలో ఉన్నానో తెలియక ఆమె పోస్టుమాన్‌ను అడిగేది, ఆయనకూ తెలిసేది కాదు. మా ప్రాణాలు ఆ గోప్యత మీదే ఆధారపడి ఉండేవి. 2008లో ముంబయి దాడులప్పుడు భద్రతా దళాల కదలికలను టీవీ చానళ్ళు ప్రత్యక్షంగా చూపించిన తీరును కసబ్ కేసులో 2012లో సుప్రీంకోర్టు గట్టిగా తప్పుపట్టింది. సరిహద్దులో గుండ్లు పడుతున్నప్పుడు ఇంట్లోవాళ్ళే తలోమాట అంటే, కాపలా కాసేవాడి గుండె జారుతుంది. నాలుగు రోజులు ఆగి అడిగితే ఏం పోయింది?

విజయనగరం, న్యాయవాది:
గోప్యత విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అయితే నాలుగు రోజులు ఆగమన్నారు కనుక 1962 సంగతి చెప్పకుండా ఉండలేను. చైనా అక్టోబరు 20న దాడి చేసింది, 26న అత్యవసర పరిస్థితి ప్రకటించారు, నవంబరు 21న చైనాయే కాల్పులు ఆపింది. అంటే యుద్ధం నెల రోజులు. అత్యవసర పరిస్థితిని ఎత్తివేసింది మాత్రం 1968 జనవరి 10న! ఆ అయిదేళ్ళకు పైగా రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చిన వాక్ స్వాతంత్ర్యం అటకెక్కింది. డిఫెన్స్ ఆఫ్ ఇండియా నిబంధనల కింద కమ్యూనిస్టులను వందల సంఖ్యలో విచారణ లేకుండా నిర్బంధించారు. ఆగమన్నవారు మళ్ళీ ఎప్పుడు అడగనిస్తారో ముందుగా చెప్పరు, నా భయమంతా అక్కడే.

అదే యుద్ధం మధ్యలో, అప్పుడు రాజ్యసభ సభ్యుడిగా ఉన్న వాజపేయి పార్లమెంటును వెంటనే సమావేశపరచమని కోరితే, నెహ్రూ ఆయనను ద్రోహి అనలేదు, నవంబరు 8న సభ పెట్టించారు. సొంత పార్టీవారే నిలదీయడంతో రక్షణ మంత్రి కృష్ణ మీనన్ పదవి వదులుకోవలసి వచ్చింది. చలికి చాలని బట్టలతో, పాత .303 రైఫిళ్ళతో జవాన్లను హిమాలయాల మీదికి ఎవరు పంపారని అప్పుడే అడిగినవారు జవాను పక్షానే నిలబడ్డారని నేను నమ్ముతున్నాను. ఆ ఓటమిపై సైన్యం జరిపిన హెండర్సన్ బ్రూక్స్ విచారణ నివేదికను ఇప్పటికీ ప్రభుత్వం అధికారికంగా బయటపెట్టలేదు.

ఇక చట్టం మాట. 1978 నాటి రాజ్యాంగ 44వ సవరణ తరువాత, యుద్ధం వల్లనో విదేశీ దురాక్రమణ వల్లనో అత్యవసర పరిస్థితి ప్రకటించినప్పుడే 358వ అధికరణం కింద 19వ అధికరణం నిలిచిపోతుంది. 2025 మేలో అటువంటి ప్రకటన ఏదీ లేదు. దేశ సార్వభౌమత్వానికి, ఐక్యతకు ముప్పు తెచ్చే చర్యలను శిక్షించేదీ, జనం భయపడేదీ అయిన భారతీయ న్యాయ సంహిత 152వ సెక్షన్ కూడా, ప్రభుత్వ చర్యలను చట్టబద్ధంగా మార్పించే ఉద్దేశంతో చేసే విమర్శ నేరం కాదని తన వివరణలోనే చెబుతోంది. దళం ఎక్కడుందో, ఎందరున్నారో ఆ విద్యార్థి అడగలేదు. పార్లమెంటుకు చెప్పమన్నాడు, అంతే.

నరసన్నపేట, ఒక జవాను అక్క:
బాబాయి గారూ, మా తమ్ముడు ఆ నాలుగు రోజులూ ఫోన్ ఎత్తలేదు. వాడు ఎక్కడున్నాడని నేను ఎవరినీ అడగలేదు, అడగకూడదని వాడే నేర్పాడు. రాత్రి టీవీలో ఒక చానల్ కరాచీ ఓడరేవు ధ్వంసమైందని చెప్పింది, అది అబద్ధమని తెల్లారేసరికి తేలింది. ఆ రాత్రంతా మా అమ్మ దేవుడి గది ముందు కూర్చునే ఉంది. ఆ అబద్ధాన్ని చప్పట్లు కొట్టి పంచుకున్నవారిని ఎవరూ ఏమీ అనలేదు. నిజం చెప్పమన్న కుర్రవాడిని మాత్రం తరిమేశారు. ఇది నాకు చాలా బాధగా ఉంది.

టెక్కలి, మాజీ సైనికుడు:
అమ్మా, ఆ కరాచీ వార్తను నేనూ నలుగురికి పంపాను. పోరు సాగుతుండగా వీధుల్లో నినాదాలు చేయడం నాకు ఇప్పటికీ నచ్చదు, ఆ మాట మార్చుకోను. కాని ఈ విద్యార్థి విషయం వేరు. మాస్టారూ, అతను ఒప్పుకుంటే ఆదివారం మీ ఇంటికి తీసుకురండి, నేను శ్రీకాకుళం వస్తాను. గ్రూపులో మళ్ళీ చేర్చమని అడ్మిన్‌తో నేనే మాట్లాడతాను.