సర్వర్ ముంబై నుంచి హైదరాబాద్‌కి మారిస్తే అప్పుడప్పుడూ ఎగిరే పింగ్ తగ్గుతుందా?

ఉండి గట్టు:
అందరికీ నమస్కారమండి. మాది ఉండి, ఆకివీడు చుట్టుపక్కల రొయ్యల చెరువులకి డీవో మీటర్లు బిగించే వ్యాపారం. నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో మీటరు చదువుతుంది. గట్టు మీది షెడ్డులో 4జీ మోడెం ఉంటుంది, అది ఆ లెక్కని ముంబైలో మేం అద్దెకి తీసుకున్న సర్వర్‌కి పంపుతుంది. ఆక్సిజన్ పడిపోతే రైతు ఫోన్ మోగుతుంది, లేచి నీళ్లకి గాలి కలిపే ఏరియేటర్ వేసుకుంటాడు. భీమవరం ఆఫీసులో మా కుర్రాళ్లు అన్ని చెరువులనీ తెర మీద చూస్తుంటారు. ఆఫీసుకి కేబుల్ నెట్.

ఆఫీసు నుంచి సర్వర్‌కి పింగ్, అంటే పలకరింపు పోయి జవాబు వచ్చే సమయం, మామూలుగా 32, 35 మిల్లీసెకన్లు. కొన్ని సాయంత్రాలు ఉన్నట్టుండి 600, 900కి ఎగబాకి, కాసేపు అక్కడే కొట్టుకుని, ఏమీ ఎరగనట్టు మళ్లీ 32కి వచ్చేస్తుంది. సర్వర్ వాళ్లని అడిగితే మా వైపు అంతా బాగానే ఉందంటారు. నెట్ వాళ్లదీ అదే పాట. దారిలో ఒక్కో రూటర్ (మజిలీ) దగ్గర ఎంత ఆలస్యమో, ఎంత నష్టమో చూపే ఎంటీఆర్ వేసి చూశాను. నాలుగో మజిలీలో 60 శాతం ప్యాకెట్ల (డేటా ముక్కల) నష్టం, చివర సర్వర్ దగ్గర మాత్రం సున్నా. మా పార్ట్‌నర్ ఏమో సర్వర్‌ని హైదరాబాద్ తెచ్చేద్దాం, దగ్గరైతే పీడా వదులుతుంది అంటున్నాడు. మార్చడమంటే డబ్బూ శ్రమా రెండూను. ఏమంటారు?

కొబ్బరితోట:
మీ పార్ట్‌నర్ చెప్పిందే రైటండి. అమెజాన్ వాళ్ల ముంబై రీజియన్ (అద్దె సర్వర్ల కేంద్రం) 2016లో వచ్చింది, అప్పట్లో వేరే దారి లేక అందరం అక్కడే పెట్టాం. హైదరాబాద్‌లో 2022 నవంబర్ నుంచి వాళ్లదే ఇంకోటి ఉంది. ఇంకా ముంబై దేనికి? దారి ఎంత పొడుగైతే మధ్యలో అన్ని చేతులు మారాలి. ఎవడో ఒకడు ఆపుతూనే ఉంటాడు. పైగా ఆ నాలుగో మజిలీ మీ నెట్ కంపెనీదైతే స్క్రీన్‌షాట్ పెట్టి నిలదీయండి. 60 శాతం అంటే మాటలా?

వశిష్ఠ రేవు:
ఆయ్, ఇక్కడ మాత్రం మాటలేనండి. నాలుగో చోట వందకి అరవై నిజంగా పోతుంటే, దాన్ని దాటి చివరికి చేరేవి నలభైకి మించకూడదు. కానీ చివర నష్టం సున్నా అని మీరే అంటున్నారు. ఆ రూటర్ ప్యాకెట్లని దాటిస్తూనే ఉంది, మన పలకరింపులకి జవాబు చెప్పడమే మానేసింది. దాటించడం లోపలున్న చిప్ పని, జవాబు చెప్పడం దాని ప్రాసెసర్ పని. ఆ ప్రాసెసర్‌కి వేరే బాధ్యతలుంటాయి కాబట్టి సెకనుకి ఇన్ని జవాబులే అని వాళ్లు ముందే హద్దు పెట్టేస్తారు. మధ్యలో కనిపించే నష్టం చివరిదాకా కొనసాగితేనే లెక్కలోకి తీసుకోండి. ఈ స్క్రీన్‌షాట్ పట్టుకెళ్తే నెట్ కంపెనీ కుర్రాడు నవ్వి పంపించేస్తాడు.

ఇంకో సంగతి. ఎంటీఆర్ చూపించేది వెళ్లే దారి మజిలీలనే. వచ్చే దారి వేరే ఊళ్ల మీదుగా ఉండొచ్చు. సర్వర్ మీద నుంచి మీ వైపుకి కూడా ఒకటి వేయాలి. మీ కనెక్షన్ సీజీనాట్ (ఒకే పబ్లిక్ అడ్రస్‌ని చాలామందికి పంచే ఏర్పాటు) వెనక ఉంటే అక్కడి నుంచి మీ రూటర్ తగలదు, మీ ఆపరేటర్ పబ్లిక్ అడ్రస్ దాకా చూడండి, చాలు.

ఇక దూరం మాట. గాజుతీగలో వెలుగు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే 100 కిలోమీటర్ల దూరానికి పోయి రావడానికి 1 మిల్లీసెకను. భీమవరం నుంచి ముంబైకి తిన్నగా గీత గీస్తే దాదాపు 950 కిలోమీటర్లు, అంటే పది మిల్లీసెకన్ల లోపే. దారి వంకరలూ మధ్యలో రూటర్లూ కలిసి మీకు 32 అవుతోంది. హైదరాబాద్ మారిస్తే అందులో ఓ పదో పదిహేనో మిగులుతాయేమో. మీ గొడవ 32తో కాదు కదా, 900తో. సాయంత్రమయ్యేసరికి ముంబై దూరం జరగదండీ.

సఖినేటిపల్లి రేవులో పంటు గోదావరి దాటే సమయం ఏ రోజైనా దాదాపు ఒకటే. పెళ్లిళ్ల రోజున మనకి ఆలస్యమయ్యేది గట్టు మీద బండ్ల వరస వల్ల. మీకూ ఎక్కడో వరస కడుతోంది. అది ఏ గట్టు మీదో పట్టుకోవాలి.

కేబుల్ తీగ:
ఈ వృత్తిలోనే ఉన్నవాణ్ణి కాబట్టి రెండు ముక్కలు. మన వైపు ఫైబర్ ఎక్కువగా కరెంటు స్తంభాల మీదే నడుస్తుంది. కొబ్బరి మట్టలు పడతాయి, ఉడతలు కొరుకుతాయి, జాయింట్ బాక్సులోకి వాన నీళ్లు దిగుతాయి. అన్నీ నిజమే. కానీ తీగ దెబ్బతింటే ప్యాకెట్లు పోతాయండి, తీరిగ్గా ముప్పావు సెకను తర్వాత రావు. పవర్ మీటర్ పెడితే వెలుగు మైనస్ 27 డీబీఎం కంటే కిందకి దిగితే ఓఎన్‌యూ (ఆఫీసులో ఫైబర్ చివర ఉండే డబ్బా) తడబడుతుంది, ఇంకా పడిపోతే ఎర్ర దీపం. మీకు నష్టం లేదు, ఆలస్యమే ఉంది. తీగని వదిలేయండి.

సాయంత్రం పూట మీ ఆఫీసు నుంచి పైకి ఏం పోతోందో చూడండి. అందరూ స్పీడ్ టెస్ట్‌లో డౌన్‌లోడ్ చూసి మురిసిపోతారు, అప్‌లోడ్ ఎవరూ చూడరు. 10 మెగాబిట్ల అప్‌లోడ్ లైన్ ముందు రూటర్‌లో 1 మెగాబైట్ బఫర్ (ప్యాకెట్లు వరస కట్టే జాగా) ఉందనుకోండి. ఏదో పెద్ద ఫైలు దాన్ని నింపేసిందంటే, వెనకొచ్చిన మీ పింగ్ అదంతా ఖాళీ అయ్యేదాకా నిలబడాలి. అంటే 800 మిల్లీసెకన్లు. మీ అంకె దీనికి బాగా దగ్గరగా ఉంది. జిమ్ గెట్టీస్ అనే ఆయన 2010లో తన ఇంటి లైన్ మీద ఇదే పట్టుకుని బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టాడు. ప్యాకెట్ పోనివ్వకూడదన్న జాగ్రత్తతో తయారీదార్లు బఫర్లు పెంచుకుంటూ పోయారు, ఫలితం ఇది.

కాకినాడ నైట్ డ్యూటీ:
అందరూ కలిసి సర్వర్‌ని నిర్దోషిగా వదిలేస్తున్నారే! రాత్రంతా సర్వర్లు కాచే ఉద్యోగం నాది, సర్వర్ వాళ్ల "మా వైపు బాగుంది" అనే మాటకి ఎంత విలువో నాకు తెలుసు. అద్దె సర్వర్ అంటే ఒక పెద్ద యంత్రంలో మీ వాటా. పక్క వాటావాడు ప్రాసెసర్‌ని పిండుతుంటే మీది తన వంతు కోసం ఆగుతుంది. అప్పుడు పింగ్‌కి జవాబు కూడా ఆలస్యమే. సర్వర్ మీద టాప్ అనే ప్రోగ్రాం తెరిచి ఎస్‌టీ అనే అంకె చూడండి, ఆగిన వాటా అదే. చవక రకం సర్వర్లలో క్రెడిట్లుంటాయి, అవి అయిపోతే వేగం కోసేస్తారు. ఒకసారి చూసి సున్నా ఉందని మూసేయకండి. అప్పుడప్పుడూ వచ్చే జబ్బు మీరు చూసేటప్పుడు ఉండదు. నిమిషానికోసారి ఫైల్‌లోకి రాసుకునేలా పెట్టాలి.

మరో మాట, సగటు చూడకండి. సగటు 60 అంటే అందరికీ 60 అని కాదు. ఎక్కువమందికి 32, కొందరికి 900. ఆలస్యాల అంకెలు ఏ విలువల దగ్గర గుమిగూడుతున్నాయో చూడండి. 40 దగ్గరైతే లినక్స్‌లో ఆలస్యంగా పంపే రసీదుల గొడవ, ప్రోగ్రాం రాసినవాణ్ణి పట్టుకోవాలి. 200 దాటి ఉంటే ఒక ప్యాకెట్ పోయి మళ్లీ పంపాల్సి వచ్చింది, అక్కడ కనీస నిరీక్షణ అంతే. కచ్చితంగా 1 సెకను, 3, 7 ఇలా వస్తే కనెక్షన్ కోసం తట్టిన మొదటి ప్యాకెట్టే పోయింది, నిరీక్షణ ఒక్కోసారి రెట్టింపవుతుంది కాబట్టి ఆ మెట్లు. 5 సెకన్లు అయితే పేరుని అడ్రస్‌గా మార్చే డీఎన్ఎస్ సర్వర్ పలకలేదు. 600 నుంచి 900 మధ్య నిలకడ లేకుండా ఊగుతుంటే అది వరసే, అక్కడ కేబుల్ తీగ గారితో ఏకీభవిస్తాను. వరస ఆఫీసులోనే ఉందని మాత్రం ఇంకా ఎవరూ చూపించలేదు.

ఉండి గట్టు:
మేత గోడౌన్‌లో కెమెరాలున్నాయండి. ఆ రికార్డింగులు సాయంత్రం ఆరు తర్వాత క్లౌడ్‌లోకి కాపీ అవుతాయి. కానీ అది రోజూ జరిగేదే, పింగ్ ఎగిరేది కొన్ని రోజులే. అదొక్కటే అయితే రోజూ ఎగరాలి కదా?

ఇంకో చిక్కు కూడా ఉంది. తెల్లవారుజామున షెడ్డుల నుంచి రావాల్సిన లెక్కలు కొన్ని ఆలస్యంగా దిగుతున్నాయి. అప్పుడు ఆఫీసు పింగ్ శుభ్రంగా 32. మోడెం లాగ్‌లో కనెక్షన్‌కి పట్టిన సమయం 1.03, 3.04, ఒకచోట 7.05 సెకన్లు అని ఉంది.

కొబ్బరితోట:
చూశారా, ఆఫీసు ఒక దారి, షెడ్డు ఒక దారి, రెండు చోట్లా ఆలస్యం. రెండిటికీ ఉమ్మడిగా ఉన్నది ముంబై సర్వరే. ఇంకా ఎందుకు తవ్వుకోవడం?

కాకినాడ నైట్ డ్యూటీ:
ఒకే జబ్బయితే ఒకేలా కనిపించాలి. సాయంత్రానిది ఊగే ఆలస్యం, నష్టం లేదు. తెల్లవారుజాముది 1, 3, 7, నష్టమే. మందు ఒకటి కాదు. సర్వర్ మీద వచ్చే పోయే ప్యాకెట్లని రాసుకునే టీసీపీడంప్ పెట్టి ఉంచండి. షెడ్డు మొదటి తట్టు సర్వర్‌కి చేరి జవాబు బయల్దేరలేదంటే నేను చెప్పిందే, సర్వర్ తప్పు. అసలు చేరనే లేదంటే దారి తప్పు. రెండు చోట్లా గడియారాలు ఎన్టీపీతో (నెట్ ద్వారా టైము సరిచేసే పద్ధతి) కలిసి ఉండాలి, లేకపోతే ఈ పోలిక దండగ.

వశిష్ఠ రేవు:
టీసీపీడంప్ దాకా వెళ్లేముందు చవక పరీక్ష ఒకటుందండి. సాయంత్రం మూడు కిటికీలు తెరిచి ఒకేసారి మూడు పింగ్‌లు వదలండి. ఒకటి మీ ఆఫీసు రూటర్‌కి, ఒకటి ఆపరేటర్ మొదటి మజిలీకి, ఒకటి ముంబైకి. పక్కన ఇంకో ల్యాప్‌టాప్ నుంచి ఫోన్ హాట్‌స్పాట్ మీద అదే ముంబైకి. అన్నీ ఒకే గడియారంలో, ఎగిరే సమయంలోనే. వైఫై వద్దు, రూటర్‌కి వైరు గుచ్చండి. వైఫై తన సొంత కథలు కలుపుతుంది.

ఉండి గట్టు:
పెట్టానండి, నిన్న సాయంత్రం దొరికింది. ఎగిరినప్పుడు రూటర్ 1 మిల్లీసెకను లోపే, ఆపరేటర్ మొదటి మజిలీ 640, ముంబై 670. అదే క్షణంలో హాట్‌స్పాట్ మీద ముంబై 50, 60 మధ్య కదలకుండా ఉంది. రూటర్ పేజీలో అప్‌లోడ్ నిండుగా ఉంది. నిన్న గోడౌన్‌లో మేత లారీలు దిగాయి. కెమెరాలు కదలిక ఉంటేనే రికార్డు చేస్తాయి కాబట్టి లోడు దిగిన రోజున కాపీ కావాల్సింది చాలా ఎక్కువ. లోడు రోజులూ పింగ్ ఎగిరిన రోజులూ రిజిస్టర్‌లో కలిశాయి.

తెల్లవారుజాము సంగతి: టీసీపీడంప్‌లో మొదటి తట్టు సర్వర్‌కి అసలు చేరలేదు. ఎస్‌టీ కూడా సున్నాకి దగ్గరే.

కేబుల్ తీగ:
ఆ తట్టు షెడ్డులోనే పోయుంటుంది. నాలుగైదు గంటలకి చెరువులో డీవో (నీళ్లలో ఆక్సిజన్) బాగా పడిపోయి ఉంటుంది కదా, రాత్రంతా నాచూ రొయ్యా పీల్చేసి. గట్టు గట్టంతా ఒకేసారి ఏరియేటర్లు వేస్తారు. మోటార్లు ఎక్కేటప్పుడు ఓల్టేజీ దిగుతుంది, మోడెం పడి లేస్తుంది. లేచిన వెంటనే సిగ్నల్ కుదురుకోకముందే మీటరు తట్టేస్తే మొదటి రెండు తట్లూ గాలికే. మోడెం ఎంతసేపటి నుంచి వెలుగుతోందో దాని పేజీలోనే ఉంటుంది, లాగ్ టైముతో కలిపి చూసుకోండి.

ఉండి గట్టు:
కలిసిందండి. ఆలస్యమైన ప్రతి లెక్కకీ ముందు మోడెం కొత్తగా లేచినట్టే ఉంది. షెడ్డుల్లో చిన్న బ్యాటరీలు పెట్టిస్తున్నాం. కెమెరాల కాపీని రాత్రి పదకొండుకి జరిపేశాను, సాయంత్రాలు తెర హాయిగా నడుస్తోంది.

వశిష్ఠ రేవు:
పదకొండుకి జరిపితే వరస పదకొండుకి జరిగిందంతే. తెల్లవారుజామున కాపీ ఇంకా నడుస్తుంటే, సరిగ్గా రైతుకి మీ అవసరం పడే వేళ మీ కుర్రాడి తెర బిగుసుకుంటుంది. రూటర్‌లో అప్‌లోడ్‌కి అసలు వేగంలో 85, 90 శాతం దగ్గర హద్దు పెట్టండి. అప్పుడు వరస ఓఎన్‌యూ దగ్గర కాకుండా మీ చేతిలో ఉన్న రూటర్‌లో కడుతుంది. అందులో వరసలు విడదీసే ఎఫ్‌క్యూ కోడెల్ అనే పద్ధతి ఉంటే వేయండి. 2018లో ఆర్‌ఎఫ్‌సీ 8290 అనే ఇంటర్నెట్ పత్రంగా వచ్చింది, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే సాఫ్ట్‌వేర్ ఉన్న రూటర్లలో దొరుకుతుంది. పెద్ద కాపీ ఒక వరసలో, చిన్న పింగ్ ఇంకో వరసలో పోతాయి. కాపీ ఏ టైముకి నడిచినా బాధ ఉండదు.

కొబ్బరితోట:
పది శాతం వేగం చేతులారా వదులుకోమంటారా? ఇన్ని తంటాలు పడే బదులు అప్‌లోడ్ ఎక్కువున్న ప్లాన్ తీసుకోవచ్చు కదా.

కేబుల్ తీగ:
ప్లాన్లు అమ్ముకునేవాణ్ణి నేనే చెబుతున్నాను, వద్దండి. కాపీ చేసే ప్రోగ్రాం ఉన్నంత లైనూ వాడుకుంటుంది. 50 ఇచ్చినా నింపుతుంది, కాకపోతే త్వరగా అయిపోతుంది.

ఉండి గట్టు:
ఇవాళ 10లో 8.5కి హద్దు పెట్టి, కావాలనే సాయంత్రమే కాపీ నడిపించాను. పింగ్ 32 నుంచి 41 మధ్య తిరిగింది. పార్ట్‌నర్ ఇంకా హైదరాబాద్ అంటూనే ఉన్నాడు, రెండు చోట్ల అద్దెలూ కాగితం మీద రాసి తెమ్మన్నాను.

కొబ్బరితోట:
ఆ కాగితం ఇక్కడ కూడా పెట్టండి. అద్దెలు సమానమైతే మాత్రం నా మాట అదే, హైదరాబాద్. ఇంకోటి: అలారం ముంబై దాకా వెళ్లి తిరిగి రైతు ఫోన్‌కి రావడమే నాకు నచ్చలేదు. మీటరు పక్కనే ఒక సైరన్ పెడితే ఏ నెట్టూ అక్కర్లేదు కదా?

కాకినాడ నైట్ డ్యూటీ:
ఈ ఒక్కదాంట్లో మీతోనే ఉన్నానండి. కాకపోతే రైతు గట్టు మీద పడుకోవాలి.