డీజిల్ పికప్ వదిలి ఎలక్ట్రిక్ తీసుకోవచ్చా?

వీక్రాస్ పిచ్చోడు:
మన శ్రీసిటీలో 2016 నుంచి ఇసుజు డీ-మ్యాక్స్ పికప్‌లు తయారవుతున్నాయి కదా. దాని ఎలక్ట్రిక్ మోడల్‌ని 2025 జనవరిలో ఢిల్లీ ఎక్స్‌పోలో పెట్టారు. 66.9 కిలోవాట్ అవర్ బ్యాటరీ, టన్ను లోడు, మూడున్నర టన్నుల ట్రైలర్ లాగుతుందంట. ఇక్కడ అమ్మకానికొస్తే మీలో ఎవరైనా డీజిల్ వదిలి కొంటారా? తిరుపతి, చిత్తూరు వాళ్లు చెప్పండి. నాకు కొనే స్తోమత లేదు, ఊరికే అడుగుతున్నా.

మొగిలిఘాట్ మూడోగేరు:
కొనను. కాగితం మీద అన్నీ లాగుతాయి. అమెరికాలో ఫోర్డ్ ఎఫ్-150 లైట్నింగ్ అనే ఎలక్ట్రిక్ పికప్ సంగతి చూడు. 2022లో వచ్చినప్పుడు పెద్ద బ్యాటరీకి 320 మైళ్లన్నారు, అంటే 500 కిలోమీటర్లు పైమాటే. వెనక బరువైన ట్రైలర్ తగిలిస్తే అది సగానికి పడిపోతోందని అక్కడ నడిపినవాళ్లే వీడియోలు పెట్టారు. 2025 డిసెంబరులో ఆ మోడలే ఆపేస్తున్నామన్నారు. అంత వెడల్పు రోడ్లున్న అమెరికావాడికే కుదరలేదు.
నేను పలమనేరు నుంచి చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీలకు తోతాపురి మామిడి తోలేవాణ్ణి. మధ్యలో మొగిలి ఘాటు. రెండున్నర టన్నుల కాయ వేసుకుని మూడో గేరులో దిగుతా. బొలెరో పికప్, తొమ్మిదేళ్లయింది. క్లచ్ రెండుసార్లు మార్చా, టైర్లకు లెక్కలేదు, ఇంజను మాత్రం ఇంతవరకూ విప్పలేదు.

ప్లగ్గు పెట్టినోడు:
అన్నా, లైట్నింగ్ ఆగిపోయింది నష్టాలొచ్చి, ఘాటు ఎక్కలేక కాదు. అమెరికా దాకా ఎందుకు? 2022 నుంచి మన ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు రోజూ తిరుమల కొండ ఎక్కి దిగుతున్నాయి. దిగేటప్పుడు మోటరే జనరేటరై బ్యాటరీలోకి కరెంటు తిరిగి పంపిస్తుంది, బ్రేకుల మీద భారం కూడా తగ్గుతుంది.
నేను తిరుపతి మార్కెట్ నుంచి హోటళ్లకు కూరగాయలు వేస్తా. చిన్న ఎలక్ట్రిక్ బండి, ఏడాదిన్నరయింది. ఒక్క చార్జికి కంపెనీవాళ్లు చెప్పింది 150 కిలోమీటర్ల పైన, లోడుతో నాకు వచ్చేది 105. రోజుకి నేను తిరిగేది 60. కిలోమీటరుకి రూపాయిన్నర దాటదు. ముందున్న డీజిల్ బండికి ఎనిమిది రూపాయలయ్యేది.

గాలిగోపురం:
60 కిలోమీటర్లకి బండెందుకు సామీ, తోపుడు బండి చాలదా.

మొగిలిఘాట్ మూడోగేరు:
బస్సు మాట ఎత్తొద్దు తమ్ముడూ. దానికి డిపోలో చార్జరుంది, చూసుకునే మెకానిక్‌లున్నారు. నా బండికి డిపో ఎవరు కడతారు?

గాలిగోపురం:
బస్సులో యాభై మంది జనం. వాళ్ల బరువు మామిడికాయల కంటే ఎక్కువే కదా?

మొగిలిఘాట్ మూడోగేరు:
జనం ఘాటు దిగేలోపు కుళ్లిపోరు.

లెక్కల మాస్టారు:
కొట్టుకోకండి, కొంచెం లెక్క చూద్దాం. బండీ సరుకూ కలిపి రెండున్నర టన్నులనుకుందాం. తిరుమల ఘాటులో సుమారు 700 మీటర్లు ఎక్కాలి. ఆ ఎత్తుకే దాదాపు 5 యూనిట్లు (యూనిట్ అంటే కిలోవాట్ అవరే) ఖర్చవుతాయి. 21 యూనిట్ల బ్యాటరీ అయితే నాలుగో వంతు గోవిందా. దిగేటప్పుడు అందులో కొంత వెనక్కి వస్తుంది, మొత్తం రాదు.
ఇక మొగిలి. పలమనేరుకీ చిత్తూరుకీ ఎత్తులో తేడా 350 మీటర్ల లెక్క, అంటే తిరుమలలో సగం. పైగా మూడోగేరుగారి లోడు దిగే వైపే వెళ్తోంది! నిండుగా దిగి ఖాళీగా ఎక్కే రూటు ఎలక్ట్రిక్ బండికి అడిగి చేయించుకున్నట్టుంటుంది. ఒకటే జాగ్రత్త, పలమనేరులో ఫుల్ చార్జ్ పెట్టి బయల్దేరకూడదు. నిండిన బ్యాటరీలోకి కరెంటు తిరిగి ఎక్కదు, బ్రేకులే గతి. 80 శాతం దగ్గర ప్లగ్గు పీకాలి.

మొగిలిఘాట్ మూడోగేరు:
ఖాళీగా ఎక్కుతానని మీకెవరు చెప్పారు మాస్టారూ? తిరుగులో ఎరువు బస్తాలో, సిమెంటో దొరక్కపోతే ఆ ట్రిప్పు దండగ.

షెడ్డు మామ:
డీజిల్ డీజిల్ అంటున్నారు, అది పాత ఇంజన్ల మాట. 2020 తర్వాత పొగ తగ్గించే రూలుతో వచ్చిన బీఎస్-6 బళ్ల సైలెన్సర్‌లో మసి ఫిల్టరుంటుంది. ఊళ్లో చిన్న చిన్న ట్రిప్పులేస్తే అది వేడెక్కదు, మసి కాలదు, పూడిపోతుంది. మా బామ్మర్ది బండి భాకరాపేట ఘాటులో లైటు వెలిగి పికప్ చచ్చి, నడిచే మనిషి స్పీడుకి దిగింది. రాత్రి పదకొండు, టమోటా లోడు. షెడ్డులో నేను స్పానర్ ముట్టుకోవడానికి లేదు, లాప్‌టాప్ ఉంటేగాని పని కాదన్నారు.

అలిపిరి మెట్టు:
లాప్‌టాప్ బాధ ఎలక్ట్రిక్‌లో లేదా మామా? నా కరెంటు స్కూటర్ కంట్రోలర్ పోతే 43 రోజులు సర్వీస్ సెంటర్లో పెట్టుకున్నారు. పార్టు రాలేదు, రేపు రండి అని ఒకటే పాట. ఈఎంఐ మాత్రం ఒక్కరోజు కూడా లేటు కాలేదు.

ప్లగ్గు పెట్టినోడు:
స్కూటర్ వేరు, పికప్ వేరు. నాకింకో డౌటుంది. మూడోగేరన్నా, నీ బొలెరో ఎంత లోడుకి పాసైంది?

మొగిలిఘాట్ మూడోగేరు:
1.3 టన్నులు. అయితే ఏంటి?

ప్లగ్గు పెట్టినోడు:
పైన నువ్వే రాశావు, రెండున్నర టన్నులు వేస్తానని. అంటే నీ లెక్కంతా ఓవర్‌లోడు మీద నిలబడింది. డబుల్ లోడుతో ఘాటు దిగుతూ, రూలు ప్రకారం నడిచే నా బండిని ఎగతాళి చేస్తున్నావు. రేపు బ్రేకు పోతే ఎదురొచ్చేవాడి గతేంటి?

మొగిలిఘాట్ మూడోగేరు:
వేస్తా. అవును, వేస్తా! దాచేదేముంది? 2025 సీజన్లో తోతాపురికి ఫ్యాక్టరీవాళ్లు కిలోకి 8 ఇవ్వాలి, సర్కారు 4 కలుపుతుంది అని రేటు కట్టారు. నాకు ఆ 8 కూడా చేతికి రాలేదు. కోత కూలి, కిరాయి పోను అందులో ఏం మిగులుతుంది? మా తోటొక్కటే కాదు, చుట్టుపక్కల రైతులకూ నేనే తోలుతా. లోడు సగం చేసి రెండు కిరాయిలు అడిగితే కాయల్ని చెట్టుకే వదిలేస్తారు.
ఆ ఏడాది ఫ్యాక్టరీ గేటు ముందు లైన్లో రెండు రాత్రులు బండి కిందే పడుకున్నా. అడుగు వరస కాయ మెత్తబడి, వెనక డోరు సందులోంచి రసం కారి, తెల్లారేసరికి నంబరు ప్లేటంతా చీమలు. మూడో రోజు దించితే అందులో మూడొందల కిలోలు తీసేశారు. నువ్వు హోటల్‌కి బెండకాయలేసి పదకొండుకల్లా ఇంటికెళ్లి ప్లగ్గు పెట్టుకుంటావు. నాకున్నది రెండు నెలలు. ఆ రెండు నెలల్లో ఏడాది కంతులు తీయాలి.

గాలిగోపురం:
తోపుడు బండి మాట వెనక్కి తీసుకుంటున్నా.

ప్లగ్గు పెట్టినోడు:
కోపం వద్దన్నా. మా నాయనా మామిడి రైతే, మాకూ ఆ ఏడాది అంతే. నేననేది ఒకటే. నీకు కావాల్సింది డీజిల్ కాదు, పాసైనదానికి రెట్టింపు వేసినా నోరెత్తని బండి. ఎలక్ట్రిక్ మోటరు మొదటి అడుగు నుంచే బాగా లాగుతుంది, కానీ అంత బరువుకి యాక్సిల్, పట్టీలు ఓర్చుకోవు.

షెడ్డు మామ:
పట్టీలు డీజిల్‌లోనూ ఓర్చుకోవు నాయనా. అయినా ఏటా జూన్‌లో నా షెడ్డుకి మీరందరూ రావాల్సిందే.

వీక్రాస్ పిచ్చోడు:
నేనడిగింది డీ-మ్యాక్స్ గురించి...

మొగిలిఘాట్ మూడోగేరు:
ప్లగ్గు తమ్ముడూ, సీజన్ మొదలుకాగానే నీ బండి మా తోటకి తోలుకురా. కాయ నేనేస్తా, ఘాటు నువ్వు దించు. చార్జింగ్ మా మోటారు షెడ్డులో పెట్టుకో.

ప్లగ్గు పెట్టినోడు:
వస్తా. నాది ముప్పావు టన్ను బండి. అంతే వేయాలి.

మొగిలిఘాట్ మూడోగేరు:
టన్ను.