ముహూర్తం శనివారం రాత్రి 2.17కి, శుభలేఖలో ఏ తేదీ వేయాలి?

గుంటూరు నుంచి, పెళ్లికూతురి అన్న:

అందరికీ నమస్కారం. చెల్లి పెళ్లి కుదిరింది, లగ్నపత్రిక రాయించాం. పెళ్లి విజయవాడలో. ముహూర్తం శనివారం రాత్రి 2 గంటల 17 నిమిషాలకు. గడియారం ప్రకారం అప్పటికి ఆదివారం వచ్చేస్తుంది కదా, కార్డులో ఏ తేదీ వేయాలి? ఎన్ని కార్డులు కొట్టించాలో కూడా తేలడం లేదు. నాన్నగారు లేరు, పిలుపు ఎవరి పేరు మీద ఉండాలో ఇంట్లో తలా ఒక మాట అంటున్నారు. పనంతా నా మీదే ఉంది, చాలా టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

విజయవాడ వన్‌టౌన్ నుంచి, ప్రెస్సులో పనిచేసే ఒకరు:

తమ్ముడూ, ముందు తేదీ సంగతి చూద్దాం, అన్నిటికన్నా అదే ముఖ్యం. పంచాంగంలో వారం సూర్యోదయానికి మారుతుంది. కాబట్టి పంతులుగారు శనివారం రాత్రి అని రాయడం సరైనదే. కానీ చుట్టాలు రైలు టికెట్లు తీసుకునేది కేలండర్ చూసి. శనివారం తేదీ వేసి, పక్కనే ‘రాత్రి 2.17 గంటలకు, తెల్లవారితే ఆదివారం’ అని స్పష్టంగా వేయించండి. దాని కిందే కొంచెం పెద్ద అక్షరాల్లో ‘విందు: శనివారం రాత్రి 7 గంటల నుంచి’ అని ఉండాలి. చాలామంది ఆ విందు లైను చూసే బయల్దేరతారు.

ఇంగ్లిషు పేజీ కూడా ఉంటే అక్కడే తేడా వస్తుంది. తెలుగువైపు శనివారం అని, ఇంగ్లిషువైపు ఆదివారం ఏ.ఎమ్. అని పడితే, ఇంగ్లిషు ఒక్కటే చదివినవాళ్లు ఆదివారం రాత్రికి వచ్చి ఖాళీ మండపం చూస్తారు. రెండువైపులా శనివారం రాత్రి అనే ఉండాలి.

ఎన్ని అంటారా, మనుషుల్ని కాదు, గడపల్ని లెక్కపెట్టండి. ఒక ఇంటికి ఒక కార్డు. పెళ్లయి వేరు కాపురం పెట్టిన కొడుకు ఉంటే వాళ్లకి విడిగా ఇవ్వాలి, లేకపోతే కోడలు చిన్నబుచ్చుకుంటుంది. జాబితా మీద పదో వంతు ఎక్కువ వేయించుకోండి. ఖాళీ కార్డు ధర వేరు, ప్రింటింగ్ ఖర్చు వేరు. తర్వాత ఓ పాతిక కార్డులు చాలక మళ్లీ వస్తే, అచ్చు వేసే స్క్రీను మళ్లీ కట్టాలి కాబట్టి ప్రింటింగ్ ఖర్చు మొదటిసారికి దగ్గరగానే అవుతుంది.

ఇంకొకటి. మీరు వాట్సాప్‌లో పంపిన తెలుగు మా దగ్గర ప్రెస్సులో వాడే ‘అను’ ఫాంట్లలోకి మారుస్తారు, లేదా మళ్లీ టైపు చేస్తారు. వత్తులు జారేది అప్పుడే. ఫోన్లో ఫొటో చూసి ఓకే అనకండి. కాగితం మీద ప్రూఫ్ తీయించి, ఇంటి పేర్లు, పైన వేసే శ్లోకం పెద్దవాళ్లతో బిగ్గరగా చదివించండి.

బ్రాడీపేట నుంచి ఒక అమ్మ:

బాబూ, మీ నాన్నగారి పేరు ముందు కీ.శే. అని వేసి, పక్కన అమ్మగారి పేరు వేసి ‘గార్ల కుమార్తె’ అని రాయించండి. ఆహ్వానించువారు అన్నచోట మాత్రం మీ అమ్మగారి పేరే మొదట ఉండాలి. భర్త లేని ఆవిడ పేరుతో పిలుపేమిటని ఎవరో ఒకరు అంటారు. వినకండి. ఆ పిల్లని పెంచి పెద్దచేసింది ఆవిడ. పెద్దనాన్న దంపతులు ఉంటే వాళ్ల పేర్లు తర్వాత వేయవచ్చు.

పిలుపులకు వెళ్లేటప్పుడు కూడా ఆవిడని ఇంట్లో వదిలి వెళ్లకండి. మేనమామ ఇంటితో మొదలుపెట్టి, మీ మేనత్తలకు చీర పెట్టి, బొట్టు పెట్టి పిలవాలి. వాళ్లకి కార్డు పోస్టులో వస్తే పెళ్లికొచ్చినా ముఖం మాడ్చుకునే కూర్చుంటారు. బెజవాడ పిలుపులు, దారిలో మంగళగిరి, తాడేపల్లి వాళ్లవి కలిపి పెట్టుకుంటే తిరుగుడు తగ్గుతుంది. మన బ్రాడీపేట, అరండల్‌పేట ఇళ్లకైతే కవరు మీద లైను, అడ్డరోడ్డు రెండూ రాయండి. ఉత్త ‘4వ లైను’ అంటే డ్రైవరు ఆ వీధంతా వెతకాలి.

గుంటూరు నుంచి, పెళ్లికూతురి అన్న:

చాలా థాంక్సండీ అమ్మగారూ, అమ్మ విషయంలో ఎవరైనా ఇలా చెబితే బాగుండునని ఉంది. దూరంగా ఉన్నవాళ్లకి వాట్సాప్ చాలా? దేవుడికి పంపే కార్డులు ఎలా పంపాలి?

విజయవాడ వన్‌టౌన్ నుంచి:

దూరపువాళ్లకి ముందు ఫోన్ చేసి నోటితో పిలవండి, కార్డు బొమ్మ, మండపం లొకేషను తర్వాత పంపండి. గ్రూపులో పడేసిన కార్డుని ఎవరూ పిలుపుగా తీసుకోరు.

మొదటి కార్డుకి నాలుగు మూలలా పసుపు రాసి ఇంట్లో దేవుడి దగ్గర పెట్టండి. బెజవాడ వచ్చినప్పుడు ఇంద్రకీలాద్రి మీద అమ్మవారికి ఒకటి సమర్పించుకోండి. తిరుమల స్వామివారికి పంపే కార్డుని తిరుపతిలోని టీటీడీ పరిపాలనా భవనం, కే.టీ. రోడ్డు, 517501 చిరునామాకి పంపితే, అక్షింతలు, కుంకుమ పోస్టులో వస్తాయి. అందుకని మీ చిరునామా పిన్‌కోడ్‌తో సహా లోపల కాగితం మీద రాసి పెట్టండి. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది, కౌంటర్లో స్పీడ్ పోస్టు అనే అడగండి.

పెళ్లయ్యాక రిజిస్ట్రేషన్‌కి కూడా శుభలేఖ అడుగుతారు. అందుకని వధూవరుల పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే పూర్తిగా ఉండాలి, తేదీలో సంవత్సరం తప్పకుండా ఉండాలి. ముద్దుపేరు వేయాలనుంటే కవరు మీద వేసుకోండి. ఓ అయిదారు కార్డులు ఎవరికీ ఇవ్వకుండా బీరువాలో పెట్టి ఉంచండి.